గంజి పూసిన కప్ప

కోరుట్లలో మా అమ్మగారింట్లో ఉండగా ఫోన్ వచ్చింది. "బాపు పోయిండు, జల్ది రా" అన్నాడు మా ఆయన. నిద్రలోనే పోయాడట మా మామ. బతికినన్నాళ్లూ ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి, పోయేటప్పుడు కూడా పెట్టలేదు. బస్సు సిరిసిల్ల చేరేదాకా నాకు ఆయన ముఖం కంటే ముందు కాలిన చెప్పుల వాసన గుర్తొచ్చింది. నవ్వకండి. ఆ వాసన సంగతి చెప్పకుండా మా మామ సంగతి చెప్పడం నావల్ల కాదు.

ఆయన సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. సాంచాలు బందున్న రోజు మానేరు ఒడ్డున గాలం వేసుకుని కూర్చోవాల్సిందే. కొర్రమట్ట, అదే కొరమీను అంటే ప్రాణం. దానికి ఎర కప్ప. అందరూ బతికిన కప్పనే గాలానికి గుచ్చేవాళ్లు. మా మామకు అది చేతకాలేదు. "కాళ్లు కొట్టుకుంటది బిడ్డా, సూడలేను" అనేవాడు. "మరి చేప కొట్టుకుంటే చూస్తావు గద మామా?" అని నేను ఎకసక్కెం చేస్తే, "చేప కూరయితది గద" అని నవ్వేవాడు.

అందుకని కప్పలను ఇంట్లోనే పోసేవాడు. తెగిపోయిన మెత్తటి ప్లాస్టిక్ చెప్పులు ఊరంతా ఏరుకొచ్చి, కడిగి ఎండబెట్టి, ముక్కలు కోసి, రేకు డబ్బాలో వేసి పెరట్లో కుంపటి మీద సన్నసెగన కరిగించేవాడు. నూలుకు అద్దే ఆకుపచ్చ రంగు చిటికెడు కలిపేవాడు. అచ్చు కూడా ఆయన చేసిందే. సబ్బుబిళ్లను కప్పలా చెక్కి, విగ్రహాలవాళ్ల దగ్గర తెచ్చిన తెల్లపొడి తడిపి దాని చుట్టూ రెండు చెక్కలుగా పోశాడు. ఆ రెండు చెక్కలనూ నూలుదారంతో బిగించి, కప్ప మూతి దగ్గరున్న కంతలోంచి కరిగిన ప్లాస్టిక్ పోస్తే, చల్లారాక లోపల కప్ప. నాకు వెంటనే విప్పి చూడాలని ఉండేది. "ఆగాలె బిడ్డా. గది గట్టిపడేదాక మనం గూడ ఆగాలె" అనేవాడు. ఆ తర్వాత నా జీవితంలో చాలా సంగతులకు ఆ మాటే పనికొచ్చింది.

నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది కాలం బాగాలేదు. అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చిపోయిన ఇల్లేదని పోలీసులు వెతకడం, పోలీసులతో మాట్లాడిందెవరని అన్నలు అడగడం. పట్టుకుపోయినవాళ్లంతా తిరిగి ఇల్లు చేరలేదు. అలాంటి కాలంలో పెరట్లో ఘాటు పొగ, డబ్బాలు, తెల్లపొడి, అచ్చులు! ఎవరు చెప్పారో గానీ ఒక పొద్దున జీపు వచ్చింది. మందుపాతరలు చేస్తున్నాడని మా మామనూ, అచ్చులనూ ఎత్తుకుపోయారు.

మా ఆయన నలుగురు పెద్దమనుషులను వెంటేసుకుని స్టేషన్‌కు పోయాడు. చేపల ఎర అని ఎంత మొత్తుకున్నా ఎస్సై నమ్మలేదు. "మగాళ్లు కూడబలుక్కుని వస్తారయ్యా. ఇంట్లో చేసే పనే అయితే ఇంట్లో ఆడవాళ్లకు తెలియకుండా ఉంటుందా? వాళ్లను తీసుకురండి, ఇక్కడే చేసి చూపించమనండి" అన్నాడు. అత్త నేను రాకముందే పోయింది. ఇంట్లో ఆడమనిషంటే నేనే. నేనేమో వంటింటి గుమ్మంలోంచి చూడటమే తప్ప ఏనాడూ పోసి ఎరగను.

అయినా కుంపటి, డబ్బా, చెప్పులు పట్టుకుని బయల్దేరాను. పోసేముందు మామ అచ్చు లోపల గిన్నెలో ముంచిన గుడ్డతో తుడవడం గుర్తొచ్చింది. మా పుట్టింట్లో చేనేత మగ్గం, నూలుకు గంజి పెట్టేవాళ్లు. గిన్నె, గుడ్డ పక్కపక్కన కనిపిస్తే అది గంజి. ఇంకేం ఆలోచించలేదు, పొద్దున అన్నం వార్చిన గంజి గిన్నె కూడా పట్టుకెళ్లాను.

స్టేషన్ ముందు చెట్టుకింద చెప్పులు కరిగించాను. వాళ్లు ఎత్తుకొచ్చిన అచ్చుకే గంజి పూసి, బిగించి, పోశాను. సుయ్‌మని బుస కొట్టింది. ఆవిరి లేచింది. మామ పోసినప్పుడు ఇలా ఎప్పుడూ కాలేదు. ఆయన మాట తలుచుకుని ఆగి, చల్లారాక విప్పితే ఒళ్లంతా బొబ్బలు, గుంటలు ఉన్న కప్ప. మామను నేనే చంపుకున్నానని ఏడుపొచ్చింది.

ఎస్సై దాన్ని తీసుకుని లోపలికి పోయాడు. కిటికీలోంచి మాటలు వినపడుతున్నాయి.

"ఇది నువ్వు చేసే కప్పేనా?"

"నేను పోసింది గాదు సార్" అన్నాడు మామ.

ఇక అయిపోయిందనుకున్నాను.

"మా కోడలు పోసినట్టుంది" అంటున్నాడు మామ. "ఆముదం పూసేకాడ గంజి పూసింది. తడికి ఉడికి బొబ్బలు లేసినయి. మగ్గమోల్ల పిల్ల సార్, గంజి తప్ప ఇంకోటి తెల్వదు."

ఎస్సై బయటికొచ్చాడు. "ఏమ్మా, అచ్చుకు ఏం పూశావు?"

"గంజి సార్."

ఆయన నా ముఖం చూసి, చేతిలో కప్పను చూసి, పకపకా నవ్వాడు. మధ్యాహ్నానికి కప్పను చేతికిచ్చి మామను వదిలిపెట్టారు.

దారిలో "పాడు చేసిన గద మామా" అంటే, జేబులోంచి కప్ప తీసి తిప్పి చూశాడు. "పాడైందేంది? బోదురుకప్ప పెయ్యి మీది తోలు గిట్లనే ఉంటది. నేను పోసినయే ఉత్త నున్నటియి." ఆ తర్వాత అచ్చుకు గంజే పూసుకున్నాడు. కుంపటి రాజేయగానే "బిడ్డా, గంజి తే" అని కేక. కొర్రమట్టలు వాటికే ఎక్కువ పడుతున్నాయనేవాడు. నిజమో, నా మనసు కోసం అన్నాడో నాకిప్పటికీ తెలియదు. ఆ మొదటి కప్పకు మాత్రం ఎన్నడూ గాలం గుచ్చలేదు. "గిది నన్నే బయటికి గుంజింది" అని సాంచాల షెడ్డు కిటికీలో పెట్టుకున్నాడు. నూలుదుమ్ము పట్టినప్పుడల్లా పంచె కొంగుతో తుడిచేవాడు. నా కన్నతండ్రి కూడా నా పొరపాటునొకదాన్ని అంత పదిలంగా దాచుకోలేదు.

మామ కర్మలో పిట్టకు పెట్టిన రోజు మిద్దె మీద విస్తరిలో ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం, కొర్రమట్ట పులుసుతో సహా. కాకి ముడితేనే పోయినాయన తృప్తిపడ్డట్టు. ఎంతసేపు చూసినా ఒక్క కాకీ రాలేదు. "బాపుకు ఏం తక్కువైందో" అని మా ఆయన ఏడ్చేశాడు. నేను కిందికి దిగి షెడ్డు కిటికీలోని కప్పను తెచ్చి విస్తరి అంచున పెట్టాను. "ఆగాలె" అన్నాను, ఆయనలాగే.

ఒక కాకి వచ్చింది. పులుసును చూడనైనా చూడలేదు. కప్పను ముక్కున కరుచుకుని షెడ్డు రేకుల మీదికి ఎగిరింది. రెండు పోట్లు పొడిచి, మోసపోయానని తెలిసిందేమో, దాన్ని అక్కడే వదిలేసి వచ్చి పులుసు తిన్నది. ఏడుస్తున్నవాళ్లమంతా నవ్వాం.

కప్ప ఇంకా ఆ రేకుల మీదే ఉంది. నిచ్చెన వేసి తీస్తానంటాడు మా ఆయన. నేను తీయనివ్వడం లేదు. కింద సాంచాలు నడుస్తుంటే రేకులు అదురుతాయి. వాటితోపాటు కప్ప కాళ్లు కూడా సన్నగా ఆడుతుంటాయి.