పగటిపూట అట్లాంటిక్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు యాభై ఏళ్లు వెనక్కి పోకండి. నేను చెప్పేది రాష్ట్రం రెండు ముక్కలైన కొత్తలో జరిగిన సంగతి. నా కుర్రతనం కథే, కాకపోతే అప్పటికి నాకు అరవై రెండు. అదేం కుర్రతనం అని నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. అసలు పదహారేళ్లప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక పచారీ కొట్లో పొట్లాలు కడుతూ కూర్చున్నాను. కోరికలు కోరుకునే తీరిక నాకు ఎవరిచ్చారు? మొండిగా ఒక కోరిక కోరి, దానికోసం కనబడినవాళ్లందరితో పోట్లాడడాన్నే కుర్రతనం అంటారు కదా, అది నాకు అరవై రెండో ఏట వచ్చింది. ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది.

ఆ కోరికేమిటో చెబుతాను. పొట్లాలకని తూకానికి కొన్న చిత్తుకాగితాల్లో ఒకనాడు అట్టలేని అట్లాసు ఒకటి దొరికింది. అందులో రెండు పేజీల మీద పరుచుకుని నీలంగా అట్లాంటిక్ మహాసముద్రం. (ఆ రెండు పేజీల్లోనూ మిరపకాయలు కట్టమన్నాడు యజమాని. కట్టలేదు. చెంపదెబ్బ తిన్నాను. ఇప్పటికీ అది నా గెలుపే అంటాను.) ఇంగ్లీషు కూడా ఆ చిత్తుకాగితాలు చదివే నేర్చుకున్నాను, ఏ పంతులూ నాకు అక్షరం చెప్పలేదు. సముద్రం చూడలేదా అంటారేమో, మద్రాసులో చూశాను. ఒడ్డున నిలబడితే కనబడేది సముద్రం అంచు. పైనుంచి, పట్టపగలు, ఏ వైపూ నేల కనబడకుండా, మ్యాపులో ఉన్నట్టు చూడాలని నా ఆశ. వాన మబ్బు కోసం మెడలు నొప్పిపుట్టేలా పైకి చూసే జిల్లాలో పుట్టినవాడికి అది పెద్ద ఆశే.

తరువాత నేను ఒక నగల షావుకారు దగ్గర గుమాస్తాగా చేరాను. ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాసేవాణ్ణి. అంగట్లో నా పేరు అట్లాసు. నాకు అరవై రెండొచ్చిన ఏడు అమెరికాలో మనవాళ్లు ఒక గుడి కట్టుకుని, అమ్మవారికి వెండి కవచం మా షావుకారు చేతనే చేయించారు. ప్రతిష్ఠకు ఆయన్నే తెచ్చి తొడగమన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. "అట్లాసూ, నువ్వు గూడా రావల్ల. ఆడ నోరు తెరిచేదానికి మనిషి గావల్ల గదా" అన్నాడు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

టికెట్ల ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి రెండు విమానాలు చూపించింది. రెండూ బెంగళూరు నుంచే. ఒకటి ఎడారి దేశం వాళ్లది: తెల్లవారకముందే వాళ్ల ఊళ్లో మనల్ని ఎక్కించుకుని, చీకటితో పాటే పడమరకు పరుగెత్తి, పొద్దు పొడిచేసరికి అమెరికాలో దింపుతుంది. ఇంకొకటి ఐరోపా వాళ్లది: ఉదయం వాళ్ల ఊళ్లో విమానం మారితే, ఎండలోనే సముద్రం దాటి, మధ్యాహ్నానికి దింపుతుంది.

"ఎడారి వాళ్లదే మేలు తాతా. సీట్లు పెద్దవి, తిండి బాగుంటాది, దుప్పటి గూడా మెత్తగుంటాది. నిద్దరపోతే అమెరికాలో లేస్తారు" అంది.

"నిద్దరపోయేదానికి ప్రొద్దుటూరులో మంచం ల్యాదా? నాకు పగలు దాటేదే గావల్ల, కిటికీ కాడ సీటు గావల్ల" అన్నాను. (తాతా అన్నందుకు కూడా కోపమొచ్చింది. మామా అంటే దాని సొమ్మేం పోయింది?)

షావుకారు పంచాంగం తీశాడు. ఐరోపా విమానంలో సీట్లున్నది ఒక్క రోజే. గురువారం పొద్దున ఇల్లు వదలాలి, శుక్రవారం సముద్రం దాటాలి. గురువారం దక్షిణానికి వారశూల, అంటే ఆ రోజు ఆ దిక్కుకు బయలుదేరకూడదు. బెంగళూరు మాకు దక్షిణమే. శుక్రవారం పడమరకు శూల. అమెరికా పడమరే.

"రెండు దిక్కులా శూలముంటే ఎట్ల పోతావప్పా? నీ నీళ్ల కోసరం అమ్మవారి కవచం సముద్రంలో పడల్లనా?" అన్నాడు.

శూలాలనూ వర్జ్యాలనూ నేను లెక్కచేయను, ఆ సంగతి ఊరంతా ఎరుగును. కానీ అవసరం నాది. అందుకని వాళ్ల శాస్త్రంలోనే సందు వెదికాను. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, అంతకుముందే ఒక మంచి ఘడియలో సంచి ఒకటి వేరే ఇంట్లో పెట్టిస్తారు. దాన్ని ప్రస్థానం పెట్టడమంటారు. అప్పుడే ప్రయాణం మొదలైనట్టు లెక్క. ఆ సంచి మళ్లీ ఇంటికి తిరిగి రాకూడదు, పోతూ పోతూ తీసుకోవాలి. "బుధవారం సంచి పెడదాం సావుకారా. మన పయనం బుధవారమే అయిపాయ. గురు, శుక్రలతో మనకేం పని?" అన్నాను. షావుకారు పంచాంగం మూసి, "నువ్వు ప్లీడరు కావల్సినోడివి" అన్నాడు. టికెట్లు కొన్నాం. ఆ రోజు నేను రోడ్డు మీద నడవలేదు, తేలాను.

బుధవారం పురోహితుడు షావుకారు ఇంటికి వచ్చాడు. సంచిలో ఏం పెట్టాలని షావుకారు అడిగితే, "ఏది లేకపోతే మీరు అడుగు కదపలేరో అది పెట్టాలి" అన్నాడు. ఇంటావిడ పంచె, కండువా తెచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెందుకవుతాను. "పంచె లేకపోతే ప్యాంటేసుకుని పోతాం. పాస్‌పోర్టు లేకపోతే ఎవడు పోనిస్తాడు? శాస్త్ర ప్రకారం పెట్టాల్సింది పాస్‌పోర్టే" అని వాదించి, రెండు పాస్‌పోర్టులూ నా చేతులతోనే సంచిలో పెట్టాను. పురోహితుడు కూడా మెచ్చుకున్నాడు. సంచి జమ్మలమడుగులో ఉన్న షావుకారు బావమరిది ఇంటికి చేరింది. మర్నాడు జమ్మలమడుగు మీదుగా పులివెందుల, అక్కడినుంచి బెంగళూరు పోవాలని ఏర్పాటు.

గురువారం పొద్దున కారులో జమ్మలమడుగు పోయి దిగితే, బావమరిది భార్య ఒక్కతే ఉంది.

"సంచి యాడుందమ్మా?"

"ఆయన ఎత్తుకోని పాయె గదన్నా, తెల్లారేపాటికి."

"యాడికి?"

"తెల్దన్నా. ఊరికే పెట్టుకోని కూర్చుంటే ఎట్ల అని గొణుక్కుంటా పాయె."

ఫోను చేశాం. మోగింది. మంచం మీద, దిండు కింద. సరే, వస్తాడులే అని కూర్చున్నాం. ఆవిడ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది. షావుకారు తినలేదు. "నీళ్లు చూడల్ల, నీళ్లు చూడల్ల అంటివి. ఇప్పుడు నా కండ్లలో చూడు నీళ్లు" అన్నాడు. నేను మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాను. (ఆకలితో ఏ పోరాటమూ గెలవలేమని నా నమ్మకం.) సాయంత్రం పొద్దు వాలాక ఎవరి ఫోను నుంచో బావమరిదే మాట్లాడాడు.

"ఏంది బావా, ఇంకా రాలా? నేను పులివెందుల బస్టాండులో కూర్చోని శానా సేపాయ!"

"పులివెందులలో ఏం చేస్తాండావురా నువ్వు!"

"ప్రస్థానమంటే పయనం గదా బావా. సంచి ఒకే కాడ కూర్చుంటే పయనమెట్లయితాది? ముందుకు తెచ్చినా."

"ఎనక్కి తీసకరా, ఇప్పుడే బస్సెక్కు!"

"నేను తేను. సంచి ఎనక్కి తిరగగూడదు. మీరే రాండి. ఇంకా ఆలస్యం చేస్తే కదిరికి పోతా!"

ఫోను పెట్టేశాక షావుకారు నెమ్మదిగా అన్నాడు: "మన పాస్‌పోర్టులు మనకంటే ముందే అమెరికా పోతాండాయప్పా."

పులివెందులలో బావమరిది సంచిని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తిట్టడానికి నేను నోరు తెరిచేలోగానే షావుకారు సంచి కళ్లకద్దుకున్నాడు. కారు బెంగళూరు ఎలా చేరిందో డ్రైవరుకే తెలియాలి. విమానాశ్రయంలో కవచం పెట్టెతో మేము పరుగెత్తిన పరుగుకు, వెనక కుక్కలు లేవన్నదొక్కటే తక్కువ. ఆఖరి మనుషులుగా ఎక్కాం. ఐరోపాలో విమానం మారి, కిటికీ దగ్గర నేను, పక్కన షావుకారు కూర్చున్నాం. బయట ధగధగమని ఎండ. నేల అయిపోయింది. కిందికి చూశాను.

మేఘాలు. జిన్నింగు మిల్లు ఆవరణలో ఆరబోసిన పత్తిలాగా ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లగా మేఘాలు. గంట చూశాను. రెండు గంటలు చూశాను. అందరూ కిటికీల మూతలు దించేసుకుని, పట్టపగలు చీకటి చేసుకుని, ఎదురుగా ఉన్న బుల్లి తెరల మీద బొమ్మలు చూస్తున్నారు. నా ఒక్క కిటికీ తెరిచి ఉంది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, చుట్టుపక్కలవాళ్లు నిద్రపోతున్నారు, మూత దించమని ఇంగ్లీషులో మర్యాదగానే అడిగింది. దించనన్నాను. మళ్లీ అడిగింది. నేను పూర్తిగా ఆమె వైపు తిరిగి, పొట్లాల కాగితాల మీద నేర్చుకున్న ఇంగ్లీషంతా బయటికి తీశాను. నిద్రపోయేవాళ్లకు రాత్రిపూట పోయే విమానాలున్నాయన్నాను. ఈ వెలుతురు కోసం రెండు శూలాలు దాటి వచ్చానన్నాను. (శూలానికి నాకు తెలిసిన ఇంగ్లీషు మాట ఆయుధమే. విమానంలో ఆ మాట అనకూడదని ఆమె ముఖం చూశాక తెలిసింది.)

ఇంతలో షావుకారు నా చొక్కా చెయ్యి పట్టి లాగాడు. "అప్పా, అప్పా..."

"ఉండండి సావుకారా, మాట్లాడనీండి!"

"అది గాదప్పా, ఈడ..."

"మీకు ఇంగ్లీషు రాదు, నన్ను మాట్లాడనీండి!" అని ఆయన చెయ్యి విదిలించి, న్యాయం ధర్మం అంటూ ఇంకో రెండు నిమిషాలు దంచాను. చివరికి ఆమె విసిగి, మూత జానెడు తెరిచి ఉంచుకోమని వెళ్లిపోయింది. గెలిచాను! మీసం తడుముకుంటూ కిటికీ వైపు తిరిగాను. పత్తి.

షావుకారు మాత్రం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఇంతసేపూ మబ్బు తెరిపిచ్చిండెనప్పా. నీ ఈపెనకాలే. అబ్బా... ఎన్ని నీళ్లప్పా!"

"యాడ? యాడ?"

"మూసకపాయ."

అంతే. అమెరికా వచ్చేదాకా ముక్కు అద్దానికి ఆనించి కూర్చున్నాను, మళ్లీ తెరిపివ్వలేదు. తిరుగు ప్రయాణంలో సముద్రం దాటింది రాత్రి. అమ్మవారికి కవచం మాత్రం చక్కగా అమరింది.

ఇప్పటికీ సాయంత్రాలు అంగట్లో కూర్చుంటే ఎవరో ఒకరు అట్లాంటిక్ ఎట్లుంటుందని అడుగుతారు. అది ఏ దేశానికీ ఏ దేశానికీ మధ్య ఉందో, ఏ ప్రవాహం ఎటు పోతుందో నేను చెబుతాను. రంగు మాత్రం షావుకారు చెబుతాడు. ఒకసారి నెమలి మెడ అంటాడు, ఒకసారి కొత్త ఇనుము అంటాడు. నేనేమో, ఆయన అమ్మే నగలను పరీక్షగా చూసే కొనుగోలుదారులా, ఒక్కో మాటా పట్టి పట్టి వింటాను.

అయినా ఒకటి చెబుతున్నాను, రాసుకోండి: నేను ఎంచుకున్న విమానమే సరైనది. మబ్బు పట్టడం నా తప్పు కాదు. నాకిప్పుడు డెబ్బై దాటాయి, మోకాళ్లు ఒప్పుకోవు. అప్పుడప్పుడు కళ్లు మూసుకుంటే ఆ అరవై రెండేళ్ల కుర్రవాడు కనబడతాడు. సముద్రం వైపు వీపు పెట్టి, సముద్రం చూసే హక్కు కోసం గొంతు చించుకుంటూ ఉంటాడు. ఒక్కసారి వెనక్కి తిరగరా అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాడి సంగతి నాకు తెలియదా? ఉండప్పా, మాట్లాడనీ అని నా చెయ్యి కూడా విదిలిస్తాడు.