ఎర్ర గీత ఎక్కడుంది?

వర్లి నాకా దాటగానే బస్సు ఒక్క కుదుపు కుదిపింది. ఆ కుదుపులో తుకారాంకు ఒక మొహం ఎదురొచ్చి ముక్కుకు తగలబోయింది. మాసిన గడ్డం, పక్కకు వాలిన టోపీ, ఎవరి మీదో అలిగినట్టున్న కళ్లు. ఎవడీ దిక్కుమాలినవాడు అని కాస్త జాలిపడ్డాక గానీ అది అద్దమనీ, ఆ మొహం తనదేననీ తెలియలేదు. ఛాతీ ఎత్తు అద్దం. దాని వెనక ఎవరో నిలబడి ఉన్నారు. పైన నెరిసిన జుట్టు, కింద చిరిగిన కాన్వాసు బూట్లు, అంతే కనిపిస్తున్నాయి.

"జర ఆ కొస పట్టు, తమ్మీ," అంది అద్దం.

ముంబయి బస్సులో మరాఠీ, హిందీ, గుజరాతీల మధ్య ఎవరైనా తెలుగులో పిలిస్తే, పని చెప్పడానికే అయినా కాదనలేం. తుకారాం కొస పట్టుకున్నాడు.

"నేను తెలుగోణ్నని ఎట్ల తెలిసింది?"

"బస్సు కుదిపితే 'అయ్యో అవ్వా' అన్నవు గద. దెబ్బ తాకినప్పుడు ఎవడైనా ఇంటి మాటే మాట్లాడుతడు."

ఇంతలో కండక్టరు వచ్చి అద్దానికి సామాను టికెట్టు తీయమన్నాడు. ముసలాయన అద్దాన్ని నెమ్మదిగా అతనివైపు తిప్పి, "ఇందులో ఉన్న మనిషికేనా? ఆయన మీవాడే, టికెట్టు మీరే కొట్టుకోండి" అని హిందీలో చెప్పాడు. కండక్టరు నవ్వు ఆపుకోవడానికి ముందు సీట్ల వైపు వెళ్లిపోయాడు. మనిషిని ఎదుట నిలబెట్టి చూపించేసరికి చట్టం కూడా మెత్తబడుతుంది. ఈ సంగతి క్షురకులకు ఎప్పటినుంచో తెలుసు.

"అద్దం దేనికన్నా?" అని అడిగాడు తుకారాం.

"టీవీకి. నేను వెనకనుంచి మరలు తిప్పుతాంటే ముందట బొమ్మ ఎట్లున్నదో చూసుకోవద్దా?"

తుకారాం గుండె ఒక్క మెట్టు దిగి మళ్లీ ఎక్కింది. ఆ ఉదయమంతా అతను వర్లిలో టీవీ మెకానిక్కుల కోసమే తిరిగాడు. మొదటివాడు నవ్వాడు. రెండోవాడు తన పనివాణ్ని కూడా పిలిచి నవ్వించాడు.

"పెద్ద డబ్బా టీవీ చేస్తరా? వెనకనుంచి తెరమీదికి బొమ్మ ఏసేది? బీరువంత ఉంటది."

అద్దం కిందికి దిగింది. దాని అంచు మీదుగా రెండు కళ్లు లేచాయి.

"ఇంక బతికున్నదా ఒకటి?" అన్నాడాయన, చిన్ననాటి దోస్తు కబురు తెలిసినట్టు. తను వెళ్లాల్సిన ఇల్లు ఏదో మరిచేపోయి తుకారాం వెంట బస్సు దిగాడు.

ఆయన పేరు ముత్తయ్య. బస్సు దిగి కామాటిపుర గల్లీల్లో అద్దాన్ని చెరో కొసా పట్టుకుని నడుస్తుంటే, ఆయన తన బతుకంతా చెప్పాడు. వరసగా చెప్పలేదు, ఏ దుకాణం ఎదురైతే ఆ దుకాణానికి తగ్గ ముక్క చెప్పాడు. తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చాడు. తండ్రి వర్లిలో మిల్లు పనిలో చేరాడు. ముత్తయ్య కూడా అదే మిల్లులో పడ్డాడు గానీ, అది మూతపడింది. తోటివాళ్లు కాపలా కొలువులు వెతుక్కుంటే, ఆయన రేడియోలు బాగుచేసే ఒక దుకాణం ముందు నిలబడ్డాడు. వెలుతురుకు అడ్డంగా ఉన్నాడని దుకాణదారు విసుక్కుని లోపల కూర్చోబెట్టాడు. అలా పని వచ్చింది. రేడియో పని చేతికి వచ్చేసరికి జనం టేపురికార్డరు కొన్నారు. టేపు నేర్చుకునేసరికి సీడీలొచ్చాయి. ఆయన ఎప్పుడూ లోకానికి ఒక పెట్టె వెనకే ఉన్నాడు. వెనక నడిచేవాడికి లోకం పారేసినవన్నీ దొరుకుతాయి గనక, షోలాపూరు, భివండి, సూరతు, ఎక్కడ తెలుగువాళ్ల మగ్గాలున్నాయో అక్కడి పెట్టెలన్నీ ఆయన చేతుల్లో పడ్డాయి.

"ఇంటిదిక్కు ఎవరున్నరు?"

"మా ఇంటామె భివండిల కొడుకు తాన ఉంటది. నేను పోయినప్పుడల్ల ఏదో ఒకటి విప్పుత. మొన్న మిక్సీ విప్పిన. అందుకే ఎక్కువ దినాలు ఉండనియ్యది."

ఇక తుకారాం టీవీ సంగతి. గల్లీ మూల ఒకప్పుడు ఒక బారుండేది. అది మూసేసిన రోజున అక్కడి సామానంతా వీధిన పడితే, ఆఫీసులో ప్యూను పనిచేసే తుకారాం తన బోనసంతా పెట్టి ఆ టీవీ కొన్నాడు. మెట్ల మీదుగా పట్టలేదు. వసారా కటకటాలు ఊడదీసి, పాలమూరు కూలీలు తాళ్లు కట్టి, బరువైన రాళ్లు ఎత్తేటప్పుడు పాడే పాట పాడుతూ రెండో అంతస్తుకు లాగారు. ఆ సాయంత్రం నుంచి ఒక్క గది ఇల్లయిన ఆ ఖోలీ నిండిపోయింది. క్రికెట్టు ఉన్న రోజున జనం గడప దాటి, వసారా దాటి, మెట్ల మీద కూర్చునేవారు. మెట్ల మీద వాళ్లకు బొమ్మ కనిపించేది కాదు, అయినా లోపలివాళ్లు అరిస్తే వాళ్లూ అరిచేవారు. ఆఫీసులో "ఏయ్" అనిపించుకునే మనిషి ఖోలీలు బారులుతీరిన ఆ చాల్లో "టాకీసు తుకారాం" అయ్యాడు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత టీవీలో రంగులు విడిపోయాయి. హీరోయిన్ నవ్వితే ఎర్రగా ఒకసారి, పచ్చగా ఒకసారి, నీలంగా ఒకసారి నవ్వేది. బంతి ఒకటి వేస్తే మూడు వచ్చేవి, అవుటైనవాడు మూడు దారుల్లో వెళ్లేవాడు. జనం రావడం మానేశారు. ఇప్పుడు తలుపు ముందునుంచి వెళ్లేవాళ్లు లోపలికి తల కూడా తిప్పడం లేదు.

అతని భార్య శాంతాబాయి మాత్రం రోజూ తిప్పేది. "బంటీగాని పెండ్లయితే బీరువా ఏడ పెట్టాలె? నీ నెత్తి మీదనా?" అనేది కొడుకు పేరు చెప్పి. చివరికి తీర్పు చెప్పేసింది. అది నడవాలి, నలుగురు కూర్చుని చూడాలి. లేకపోతే ఆదివారం సాయంత్రం పాత సామాన్లు కొనే భంగార్‌వాలా వచ్చి పట్టుకుపోతాడు. ఇవాళే ఆదివారం.

గడపలో అద్దంతో వచ్చిన మొగుణ్ని చూసి శాంతాబాయి, "ఒకటి తీసెయ్యమంటే ఇంకోటి తెచ్చినవా?" అంది.

ముత్తయ్య కూలి ముందే పుచ్చుకుని, టీవీ వెనక చెక్క ఊడదీశాడు. తల లోపలికి పెట్టాడు. చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత అక్కడే రెండు చేతులూ జోడించాడు.

లోపల మూడు గొట్టాలున్నాయి. ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి. ఒక్కోదాని మూతిమీద గుండ్రటి గాజు కన్ను. మూడు కళ్లకూ నిండుగా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, ఒకదానికి ఎండిన బంతిపూవు రెక్క కూడా.

"ఎవరు చేసిండ్రు ఈ పూజ?"

"నేనే," అంది శాంతాబాయి, తప్పేముందన్నట్టు. "దసరకు ఇంట్ల సామాన్లన్నిటికి చేస్తం. కుట్టుమిషనుకు చేసిన, కత్తిపీటకు చేసిన. ఇంతకుముందు వచ్చినోడు చెక్క సరిగ బిగియ్యలే. తుడుద్దామని తీసి చూస్తే లోపట మూడు కండ్లు! మూడు కండ్లున్నదానికి బొట్టు పెట్టకుంటే ఊకుంటదా?"

"పెట్టినవు, మంచిదే చెల్లే. కంటి మీద పెట్టాలె గని కంట్ల పెడ్తరా?"

చెల్లె అన్నాడో లేదో, ఆ క్షణంనుంచి తుకారాం ఆయనకు బావ అయిపోయాడు. బావను వెక్కిరించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "ఏం బావా, టోపీ పెట్టుకుని తిరుగుడేనా, ఇంట్ల దేవత వెలిసింది ఎరికలేదా?" అంటూ మెత్తని గుడ్డతో పసుపు తుడిచాడు. ఎన్నాళ్లనుంచో పొద్దుగూకినట్టున్న తెర తెల్లవారింది. రంగులు మాత్రం విడివిడిగానే ఉన్నాయి. సంచీలోంచి, ఏ ఊళ్లో ఏ పెట్టెలోంచి ఊడదీసినవో, కొన్ని ముక్కలు తీసి, కాలిపోయినవాటి చోట అతికించాడు. అప్పుడు తెరమీద గళ్లు వచ్చాయి, లుంగీ మీద గళ్లలాగా. ఎర్రవి, పచ్చవి, నీలివి. మూడూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటే తెల్ల గీత అవుతుంది. కూర్చోబెట్టే మరలు వెనక, గీతలు ముందు.

అందుకే అద్దం. కానీ టీవీ పోగా ఖోలీలో మిగిలిన చోటు అద్దానికి చాలలేదు. వెనక్కి జరిపి, జరిపి, గడప దాటించి వసారాలో నిలబెట్టారు. వసారా అందరిదీ. అందరి దారిలో అద్దం పెడితే ఏమవుతుందో టీవీలు చేసినవాళ్లు ఆలోచించి ఉండరు. ఒకామె ఆగి కొప్పు సర్దుకుంది. ఒకాయన పళ్లు చూసుకున్నాడు. ముత్తయ్య టీవీ వెనకనుంచి మెడ చాచి చూస్తే గళ్లు లేవు, ఒక పెద్ద మీసం ఉంది, దాన్ని రెండు వేళ్లు మెలితిప్పుతున్నాయి.

"ఆ మీసమెవనిదో గని, జరుగు. జరగకుంటే ఎర్ర గీత ఎక్కడుందో నువ్వే చెప్పు!"

మీసం పక్క ఖోలీ అతుల్‌ది. తెలుగు చెవికి ఎక్కుతుంది గానీ నోటికి మరాఠీయే వస్తుంది. లోపలికి తొంగి చూసి, "లాల్ వర్ గేలీ, కాకా" అన్నాడు.

"ఎర్రది మీదికి పోయిందంటున్నడు," అని వెనకనుంచి ముసలి పోచమ్మ తెలుగు చేసి, వెంటనే తనే కాదంది. "వాని మాట ఇనకు. అది కిందనే ఉన్నది. వానికి పొద్దంత ఫోను చూసి కండ్లు పోయినయి."

"తూ ఖాలీ బస్‌లీస్, ఆజీ!"

"నేను కింద కూసున్ననంటడు. మరి నువ్వెందుకు నిలబడ్డవు? కూసుండి చూడు!"

అతుల్ కూర్చున్నాడు. ముత్తయ్య అద్దాన్ని వదిలేశాడు. "మోసి మోసి నడుము వంగింది, నీకే ఉంచుకో చెల్లే" అంటే, శాంతాబాయి గోడకు తగిలించుకుంది. ఇక నోళ్లే ఆయనకు అద్దాలు. కింది ఖోలీ నుంచి స్నేహల్ వచ్చింది, ఫోనుతో తెరను ఫొటో తీసి, "ఇందులో అంత బరాబర్ ఉంది" అంది. అందరూ ఒక్కసారి లేచారు ఆ పిల్లమీద. టీవీని టీవీలో చూడాలి గానీ ఫోనులో చూడటమేమిటని. ఆ మాట అన్నవాళ్లలో ఎవరూ అంతకుముందు ఆ పని చేయకుండా లేరు.

"కిందికి!"

"వర్, వర్!"

"ఆగు, ఆగు, ఎక్కువైంది!"

"నా దిక్కు మూల ఇంక సాపు కాలే," అని పోచమ్మ పట్టు పట్టింది. కుడి కింది మూల ఆమెది. మొదటిరోజు నుంచీ ఆ మూలకెదురుగా కూర్చుంది గనక ఆమెదే. "వాళ్ల దిక్కే చేస్తున్నవు. నేను పైస తక్కువదాన్ననా?"

"నీ మూలే చేస్తున్న అవ్వా, నీ మూల సర్దితే పైమూల అలుగుతున్నది."

తుకారాం ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఎవరి మాట ముత్తయ్యకు అందలేదో ఆ మాట మోశాడు. శాంతాబాయి గొణుగుతూనే అందరికీ చాయ్ పోసింది. పోస్తూ, "నా చక్కెరంత మీ ఎర్ర గీతకే పోయింది" అంది. ఖోలీ నిండింది, గడప నిండింది. చెప్పులు మెట్లదాకా వెళ్లాయి. తుకారాం చెమటతో తడిసి, టోపీ ఎక్కడో పారేసుకుని, ఎన్నేళ్ల తర్వాతో హాయిగా ఉన్నాడు. హాయిగా ఉన్నానని తెలుసుకునే తీరిక లేదంతే.

చివరికి గీతలన్నీ తెల్లబడ్డాయి. ముత్తయ్య గళ్లు తీసేసి వార్తలు పెట్టాడు. వార్తలు చదివే ఆయనకు ఒకే ముక్కు ఉంది. "వారెవ్వా!" అన్నారందరూ. ఒక ప్రకటన చూశారు. రెండోది మొదలవుతుండగా అతుల్ ఫోను మోగింది, వెళ్లాడు. స్నేహల్ వెళ్లింది. పోచమ్మ పొయ్యిమీద అన్నం గుర్తొచ్చి మోకాళ్లు పట్టుకుని లేచింది. సరిగ్గా ఉన్న బొమ్మ గురించి ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? చాయ్ గ్లాసులు మిగిలాయి.

శాంతాబాయి గ్లాసులు ఏరుతూ, "నడుస్తున్నది, కాదనను. నలుగురేరి?" అంది.

కింద గల్లీలోంచి కేక వినిపించింది, "భంగా...ర్!"

తుకారాం టీవీ పక్కన చెయ్యి ఆనించి, పశువును అమ్మేవాడిలా నిలబడ్డాడు. సంచీ సర్దుకుంటున్న ముత్తయ్య బావ మొహం ఒకసారి చూశాడు. "స్క్రూడ్రైవరు మరిచిన," అని టీవీ వెనక్కి వెళ్లాడు. అది ఆయన జేబులోనే ఉంది. తుకారాంకు కనిపిస్తూనే ఉంది.

వార్తలు చదివే ఆయన ముక్కు కింద సన్నగా ఎర్రటి నీడ పడింది.

గడప దాటుతున్న పోచమ్మ తిరిగి చూసింది. "అగో! ఎర్రది మళ్ల దిగింది!"

"కుఠే?" అని ఎక్కడుందో అడుగుతూ అతుల్ ఫోను చెవినుంచి తీసి వచ్చాడు. "ఖాలీ నాహీ, డావీకడే!"

"ఎడమకు పోయిందంటడు! ఎడమకెట్ల పోతది, గుడ్డోడా?" అని పోచమ్మ తన మూలలో మళ్లీ కూర్చుంది, అన్నం సంగతి వదిలేసి. స్నేహల్ మెట్లు ఎక్కుతున్న చప్పుడు, ఆమె వెనక ఇంకెవరిదో.

"మీ ఇద్దరికి కండ్లు లేవు," అంది శాంతాబాయి. గ్లాసులు పట్టుకునే తెర ముందుకు వచ్చి వంగి చూసింది. "అది కిందికి పోలే, పక్కకు పోలే. వంకర తిరిగింది."

భంగార్‌వాలా మెట్లెక్కి వచ్చి గడపలో నిలబడి, ఏ సామాను తీసుకెళ్లాలని అడిగాడు.

"ఆగు భావూ," అంది శాంతాబాయి, తల తిప్పకుండా. "నువ్వు బయటోనివి, నువ్వు చెప్పు. ఎర్ర గీత ఎక్కడుంది?"

అతను గోనెసంచీ వసారాలో దించి, చెప్పులు విడిచి, పోచమ్మ పక్కన కూర్చుని కళ్లు చికిలించాడు.

తుకారాం టీవీ వెనక్కి వెళ్లాడు. అక్కడెవరూ లేరు. చెక్క నాలుగు మరలతో గట్టిగా బిగించి ఉంది. వసారాలోకి పరుగెత్తి కిందికి చూశాడు. సంచీ భుజాన వేసుకుని ముత్తయ్య గల్లీలో నడుస్తున్నాడు.

"అన్నా! ఓ ముత్తన్నా!"

ముత్తయ్య ఒక కుట్టు దుకాణం ముందు ఆగి, గడపలో గరగరమంటున్న పాత ఫ్యానును వంగి చూశాడు. దర్జీతో ఏదో అడిగాడు. తర్వాత నడుము నిటారు చేసుకుని, వెనక్కి చూడకుండా మలుపు తిరిగిపోయాడు.