మూలకు మూల కొలిచిన మనిషి

చాచా పోయారని మంగళవారం పొద్దున వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అబ్బా నమాజు చదువుకొని మళ్ల పండుకున్నడు. నాష్తాకు లేపితే లేవలేదు" అని, ఇంకా చాలామందికి చెప్పాలంటూ పెట్టేసింది. ఆయనా అంతే. అవసరమైన కొలత చెప్పి పెన్సిలు కింద పెట్టేవారు. ఎనభై దాటిన మనిషి, ఎవరితోనూ సేవ చేయించుకోకుండా వెళ్లిపోయారు. బాధ లేదని అనను. కానీ ఆయన్ని తలుచుకుంటే ముందుగా నాకు వచ్చేది ఏడుపు కాదు, ఒక రకమైన తృప్తి. ఆ సంగతే నాలుగు మాటల్లో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. లాడ్ బజార్ వెనక సందులో ఒక గాజుల దుకాణం పై అంతస్తులో మా చిన్న డ్రాయింగు ఆఫీసు ఉండేది. అందులో ఆయన పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. ఇళ్లకూ దుకాణాలకూ నక్షలు గీసేవారు. ఆఫీసంతా చాచా అనే పిలిచేది. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన నేను, తొంభైల మొదట్లో అక్కడ నకళ్లు తీసే మిషను దగ్గర పనికి కుదిరాను. ఆ మిషనుకు అమ్మోనియా పోయాలి. ఆ ఘాటు మెట్లు దిగి కింది దుకాణం దాకా పోయేది. గాజులాయన వారానికోసారి పైకొచ్చి లొల్లి పెట్టేవాడు.

"చాచా, మీ మిషన్ వాసనకు నా గిరాకీ మొత్తం ఎదురు దుకాన్ల పడుతున్నది."

"మంచిదే గద మియా. ఎదురు దుకాన్ నీ బామ్మర్దిదే."

"అందుకే చెప్తున్న. వానికి లాభమైతే నాకు నిద్ర పట్టది."

చాచా నవ్వి మిషను పక్క కిటికీ తెరిపించేవారు. కాసేపయ్యాక వానొస్తుందని మళ్లీ మూయించేవారు. ట్రేసింగు కాగితం తేమకు ఉబ్బుతుందని ఆయన భయం. కాగితం ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరేదాకా గాలిలో పెట్టుకుని నిలబడేవారు. ఆయనతో ఎవరైనా చెయ్యి కలపబోతే "జర ఆగు" అనేవారు.

ఒక కట్టడానికి ఒక్క నక్షే ఉండదు. గోడలూ గదులూ ఒకరు గీస్తారు. దూలాలూ స్తంభాలూ ఇంకొకరు. నీళ్ల పైపులు, కరెంటు తీగలు వేరే వాళ్లు. ఎవరి కాగితం మీద వాళ్లది బాగానే ఉంటుంది. తీరా కట్టేటప్పుడు పైపు పోవాల్సిన చోట దూలం ఉంటుంది. చాచా ఆ కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుగొచ్చే కిటికీ అద్దానికి ఆనించి చూసేవారు. అది సగం పని. మిగతా సగాన్ని మిలాన్ అనేవారు. ప్రతి గురువారం ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు తన కాగితంలోని కొలతలు పైకి చదవాలి, రెండోవారు తన కాగితంలో చూసి ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. సగంలో చదివేవారూ దిద్దేవారూ మారాలి.

"చదివేటోని నోరు, దిద్దేటోని కన్ను, రెండూ అలవాటు పడ్డయంటే అబద్ధం ఆడుతయ్" అనేవారు. నేను "చూసిన చాచా, కరెక్టే ఉంది" అంటే ఒప్పుకునేవారు కాదు. "చూసిన అనకు. మిలాయించిన అను."

నకళ్లు తీసే నన్ను ఆయన తన ఎదురుగా కూర్చోబెట్టుకోవడంతో నా చదువు మొదలైంది. కొలతలు చదువుతూ చదువుతూ నక్ష చదవడం వచ్చింది. తర్వాత ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లినప్పుడు ఒకదాని ముందు కూర్చుని, పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఆఫీసు నడిపే మా ఇంజనీరు గారు బిమ్ అనే కొత్త పద్ధతి సాఫ్ట్‌వేరు తెప్పించారు. అందులో గీతలు గీయం. గోడను గోడలాగే, దూలాన్ని దూలంలాగే నిలబెట్టి కట్టడం మొత్తాన్ని ఒక మోడల్‌గా కడతాం. నక్షలన్నీ అందులోంచే వస్తాయి. మన మోడల్‌లోకి దూలాల వాళ్ల మోడల్ తెచ్చి కలిపితే, ఎక్కడెక్కడ ఒకదానిలో ఒకటి దూరుతుందో ఎర్రగా చూపించి జాబితా ఇస్తుంది. చాచా కిటికీ దగ్గర చేసే పనే అది. నేను మొదటిసారి ఒక ఇంటిని తెర మీద తిప్పి చూపిస్తే ఆయన చాలాసేపు చూశారు.

"ఇల్లును బొంగరం లెక్క తిప్పుతున్నవ్ గదా" అన్నారు. "కాగితం ఏది గీసినా ఒప్పుకుంటది. ఇది ఒప్పుకోదా?"

"ఒప్పుకోదు చాచా. తప్పుంటే చెప్తది."

ఆ మాట ఎంత సులువుగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కార్వాన్‌లో దేవిడీ అనే పాతకాలపు పెద్ద ఇల్లు ఒకటి ఉంది. ఒక డాక్టరమ్మ దాన్ని కొని కింది భాగంలో కాన్పుల ఆసుపత్రి నడుపుతున్నారు. పైన కూడా మంచాలు వేయాలని మాకు పని ఇచ్చారు. పాత కర్ర మెట్లున్న గదిలో ఇనుప మెట్లు పెట్టాలి. మెట్లను మోసే ఇనుప ఫ్రేమును వర్క్‌షాప్‌లో చేయించి, తెచ్చి నాలుగు గోడల మధ్య దించాలి. కొలతలకు చాచా, నేను వెళ్లాం. నాలుగు గోడలూ కొలిచాక నేను టేపు చుట్టబోతే ఆపారు.

"నాలుగు గోడలు కొలిచినోడు సగమే కొలిచిండు. మూలకు మూల పట్టు."

ఎదురెదురు మూలలకు ఐమూలగా టేపు పట్టాం. ఒక వైపుకన్నా రెండో వైపు నాలుగు అంగుళాలు ఎక్కువ వచ్చింది. ఆయన పుస్తకంలో రెండూ రాసుకున్నారు.

నేను మోడల్‌లో ఆ గదిని ఆ కొలతల ప్రకారమే కట్టాను. దూలాల ఇంజనీరు దగ్గర్నుంచి ఫ్రేము మోడల్ వచ్చింది. కలిపితే రెండు మూలల్లో ఎరుపు. ఫ్రేము గోడలోకి దూరుతోంది. రెండు రోజులు తిప్పలు పడ్డాను. ఫ్రేము మూలలు మూలమట్టానికి సరిగ్గా ఉన్నాయి. గోడల పొడవులతో దాని పొడవులు సరిపోతున్నాయి. మరి ఎరుపు ఎందుకు? టేపు సాగి ఉంటుందనుకున్నాను. చాచా కళ్లు ఈమధ్య తగ్గాయి, ఒక అంకె చదవబోయి ఇంకోటి చదివి ఉంటారనుకున్నాను. టేపు రెండో చివర పట్టుకున్నది నేనే అన్న సంగతి ఆ పూట గుర్తుకు రాలేదు. గోడల పొడవులు ముట్టుకోకుండా మూలలు చక్కగా తిప్పాను. ఎరుపు పోయింది. జాబితా సున్నా.

రోజూ చేసిన పని రెండు ముక్కల్లో రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు కింద ‘గోడలు సరిచేశాను. తప్పులు సున్నా’ అని రాసుకున్నాను. ఇంజనీరు గారు ఆ కాగితం చూసి అందరి ముందూ నా భుజం తట్టారు. పట్టా లేని వాణ్ని. నాకున్న సర్టిఫికెట్టు ఆ సున్నానే.

గురువారం వచ్చింది. ఇంజనీరు గారు బయటికెళ్తూ, "సున్నా వచ్చింది కదండీ, ఇంక మిలాన్ ఎందుకు? ఇనుము కొయ్యమని ఇప్పుడే వర్క్‌షాప్‌కి ఫోన్ చేశాను" అన్నారు.

ఆయన వెళ్లాక చాచా కొలతల పుస్తకం తెరిచారు. "గురువారం గద. ఉత్తగ కూసుంటమా? చదువు."

నేను తెర మీద చూసి గోడలు చదివాను. నాలుగూ కలిశాయి. నాలుగు టిక్కులు పడ్డాయి.

"ఇప్పుడు మూలకు మూల."

చదివాను. రెండూ ఒకటే.

"మళ్ల చదువు."

మళ్లీ చదివాను. పెన్సిలు కాగితం మీద పడలేదు.

"ఈ గోడలు మా తాత పుట్టక ముందుసంది వంకరగ నిలబడ్డయ్" అన్నారు చాచా. "నువ్వు ఒక్క పూటల సక్కగ చేసినవా?"

గొంతు పెంచలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్లలు బల్ల మీద పోసి, ఖాళీ డొప్పను రెండు వేళ్లతో పక్కకు నొక్కారు. "చూడు. అంచులు మారినయా? మారలే. మూలలు మారినయ్. నీ ఫ్రేము దీంట్ల దిగుతదా?"

"దిగదు చాచా."

"దిగకుంటే ఫిట్టింగోళ్లు ఏం చేస్తరు?"

"గోడ చెక్కుతరు."

"ఎంత?"

"మూడున్నర అంగుళాలు."

"గా గోడ మీద ఏమున్నది?"

ఆ సున్నపు గోడ మీద పై అంతస్తు మొత్తం ఉంది. దాని కింద బాలింతలున్నారు.

ఆయన పుల్లలు ఒక్కొక్కటే పెట్టెలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు. వర్క్‌షాప్‌కు ఫోన్ చేస్తే మిషన్ల చప్పుడులో ఎవరూ ఎత్తలేదు. ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన, ఈ సంగతి ఎవరు చెప్తారా అని. చాచా చెప్తే ఆయన మాటకు ఎదురుండదు, నేను వెనక నిలబడొచ్చు. దిగేటప్పుడు ఆయన అన్నారు, "నేను కొలిచింది నేను చెప్తా. నువ్వు మార్చింది నువ్వు చెప్పాలె."

వర్క్‌షాప్ ఓనరు సుద్దముక్కతో ఇనుము మీద గీత పెడుతున్నాడు. పొడుగు ముక్కలు రెండు అప్పటికే కోసి పక్కన పడేశారు.

"కోసుడు ఆపు అన్నా" అన్నాను.

"ఎందుకు? కాగితం మీరు ఇచ్చిందే గద. సంతకం గూడ ఉన్నది."

"కాగితం తప్పు. తప్పు నాది."

అతను లేచి నన్ను ఎగాదిగా చూశాడు. "మొన్న నువ్వే గద అంటివి, మా కంప్యూటర్ తప్పు చెయ్యది, నీ సుద్దముక్కనే చేస్తదని?"

"కంప్యూటర్ చెయ్యలే. నేను చేసిన."

అతను చాచా వైపు చూసి నవ్వాడు. "పిలగాడు మంచోడే చాచా, ఒప్పుకుంటున్నడు." అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు.

చాచా మాత్రం కోసిన ముక్కల దగ్గర కూర్చుని టేపు పెట్టి చూస్తున్నారు. "పొడుగున్నది కురచ చెయ్యొచ్చు, ఫికర్ లేదు" అన్నారు. నేను ఫ్రేమును కూడా గోడల్లాగే వంకరగా మార్చి గీసుకొస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఇనుమును సక్కగనే ఉండనీ. గోడను వంకరగనే ఉండనీ. నడుమ జర జాగ ఇయ్యి."

సాయంత్రం ఇంజనీరు గారికి నేనే చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "సున్నా అని డాక్టరుగారికి నేనే కదయ్యా చెప్పింది" అన్నారు. తర్వాత చాచాను అడిగారు, "మీరు పట్టుకున్నారా?"

"మిలాన్‌ల దొరికింది సాబ్. ఇద్దరం కూసున్నం."

చాచా అంతే అన్నారు. నా పని పోలేదు. ఆ తర్వాత ఏ మోడల్ బయటికి వెళ్లాలన్నా ముందు గురువారం మిలాన్ దాటాల్సిందే అయింది. నేను రాసుకున్న ఆ రెండు ముక్కల కాగితాన్ని చించేద్దామనుకున్నానని మర్నాడు చెబితే, చాచా వద్దన్నారు. "పాత నక్షను చించుతమా? రద్దు అని రాసి పెట్టుకుంటం." అలాగే రాశాను.

కళ్లు బాగా తగ్గి ఆయన పని మానేశాక కూడా గురువారాలు వచ్చేవారు. కళ్లు మూసుకుని కూర్చుంటే నేను కొలతలు చదివేవాణ్ని. ఎక్కడో ఒకచోట "ఆగు" అనేవారు. అక్కడ ఏదో ఒకటి ఉండేది. ఏమీ లేకపోతే, "ఉన్నదేమో అనుకున్న, పో" అని నవ్వేవారు. వయసు మీద పడి రాలేకపోయాక నేనే ఇంటికెళ్లి ఏ పని నడుస్తోందో చెప్పేవాణ్ని. శ్రద్ధగా విని, "మూలకు మూల పట్టినవా?" అని అడిగేవారు. పట్టానంటే తృప్తిగా తల ఊపేవారు. ఇంత చిన్న మాటకు ఒక మనిషి అంత సంతోషపడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

మంగళవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత మట్టి చేశారు. నా వంతు మూడు పిడికిళ్లు నేనూ వేశాను. గురువారం నాడు ఆఫీసుకు పోబుద్ధి కాక కార్వాన్ ఆసుపత్రికి వెళ్లాను. ఎవర్నీ కలవలేదు. ఇనుప మెట్లెక్కి మలుపు దగ్గర నిలబడ్డాను. షాబాద్ బండలు ఇనుముతో పాటు సూటిగా పరిచి ఉన్నాయి. గోడ పక్కన మాత్రం ఒక నల్లరాతి పట్టీ. ఒక చివర దారమంత సన్నగా మొదలై, మూలకు వచ్చేసరికి మూడున్నర అంగుళాలవుతుంది. ఇనుమూ గోడా ఒకదాన్నొకటి తాకకుండా చాచా వదిలించిన జాగా అది.

ఆ వెడల్పాటి చివర ఒక పెద్దావిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పైన కూతురికి నొప్పులట. చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, దాన్ని ఆ నల్లరాతి మీద పెట్టింది. సరిగ్గా పట్టింది. ఇంతలో పైనుంచి నర్సు పిలిచింది, "ఏ అమ్మా, జల్ది రా, ఆడపిల్ల." ఆవిడ కొంగు సర్దుకుంటూ మెట్లెక్కి పోయింది. గ్లాసు అక్కడే ఉంది. దాని ఆవిరి పాత గోడ వెంబడి పైకి పోతోంది.