టోపీ తగిలించిన తలుపు

నవంబరు 18, మంగళవారం. మా పక్కింటి పెద్దాయన నిన్న ఉదయం నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆదివారం మన చర్చి హాల్లో ఆయన్ను చూసి నవ్వినవాళ్ళంతా నాకు ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక మన సంఘ పత్రికకు రాస్తున్నాను. కబురు వినగానే నాకు ముందు కలిగింది నిశ్చింత. ఎందుకో చెబుతాను.

ఈ కెనడా కేంబ్రిడ్జ్‌లో మా వరస ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. నేను వచ్చిన మొదటి చలికాలం, మంచులో నడిచొచ్చి ఒక తలుపుకు తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డాను. లోపలి నుంచి ఆయన తీశారు.

"ఇది మీ ఇల్లు కాదు మేడమ్. టీ మాత్రం వేడిగానే ఉంది," అన్నారు.

తప్పు నాదే అయినా కోపం నాకే వచ్చింది. ఆయన మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మర్నాడు, నేను మళ్ళీ పొరబడకుండా, తన పాత వేషం టోపీని తలుపుకు తగిలించారు.

ఆయనది వేల్స్‌లో బొగ్గుగనుల ఊరు. అక్కడా ఇళ్ళు అలాగే ఉండేవట. పదిహేనేళ్ళకే మ్యూజిక్ హాళ్ళలో చేరారు. పాటలు, హాస్యం, గారడీ అన్నీ ఒకే టికెట్టుకు చూపే నాటకశాలలవి. జీతం రోజు తాగి, తన ఇల్లేదో తెలియక ప్రతి తలుపూ తట్టి పాట పాడే గనికార్మికుడి వేషం ఆయనది. నేను ఒక్కసారి చేసిన పొరపాటునే ఆయన రోజుకు రెండు ఆటలుగా చేసేవారు. టీవీలు వచ్చాక ఆ హాళ్ళు మూతపడ్డాయి. ఆయన కెనడా వచ్చి ఫ్యాక్టరీలో చేరి, శనివారాలు క్లబ్బుల్లో ఆడేవారు. కొన్నాళ్ళకు అవీ ఆగిపోయాయి.

తొంభై దాటినా రోజూ వాకిట్లో, లేని తలుపులు తడుతూ ఆ వేషం సాధన చేసేవారు. ఆఖరి తలుపు దగ్గర చెయ్యెత్తి, తట్టకుండా ఆపేసి, టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళేవారు.

"చివరి మాట చెప్పరేం?" అని అడిగాను.

"అది నిండు హాలు ముందే చెప్పాలి మేడమ్. సాధనలో అనేస్తే ఆటకు కీడు. మా వాళ్ళ పద్ధతి."

"నేను లెక్కల టీచర్ని. జవాబు రాయని లెక్కకు మార్కులు వేయను."

"అయితే నేను ఫెయిలే."

"అమ్మమ్మా, లీవ్ హిమ్," అంది మా మనవరాలు కిటికీలోంచి.

ఈ సెప్టెంబరులో, గుండె ఇంక ఎన్నాళ్ళో పనిచేయదని డాక్టరు ఆయనకు చెప్పారు. "పోవడానికి భయం లేదు. ఆ తలుపు తట్టకుండానే పోతానేమో," అన్నారు ఆయన. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. ఒక ఆదివారం మన హాల్లో ఆయన ఆట పెట్టిద్దామని పాస్టరు గారిని అడిగాను.

"లంచ్ ముందా, తర్వాతా అమ్మా?"

"ముందే. తర్వాతైతే సగం మంది బిర్యానీ తినేసి పార్కింగ్‌లో ఉంటారు."

మొన్న హాలు నిండింది. స్టూడెంట్లు వెనక నిలబడ్డారు. మూడో తలుపు దగ్గర ఆయనకు గుర్తు తప్పింది. తట్టిన తలుపే మళ్ళీ తట్టారు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు వెనక నుంచి ఒక స్టూడెంటు, "అంకుల్, అది అయిపోయింది. నెక్స్ట్ డోర్," అని అరిచాడు.

ఆయన అటు తిరిగి టోపీ ఎత్తి, తాగుబోతు గొంతుతోనే, "థాంక్యూ కానిస్టేబుల్," అన్నారు.

హాలంతా పగలబడి నవ్వింది. నవ్వుకు చోటు వదలాలని ఆయన నాకు చాలాసార్లు చెప్పారు. అలాగే ఆగారు. సద్దుమణిగాక ఆఖరి తలుపు తట్టారు.

"దొరికింది. ఇదే మా ఇల్లు. ఇక దీపం ఆర్పేయండి."

కారులో వస్తూ, "మార్కులెన్ని మేడమ్?" అని అడిగారు.

"తొంభై. ఒక తలుపు రెండుసార్లు తట్టారు."

ఇంటి ముందు దిగి, టోపీ మళ్ళీ తలుపుకు తగిలించి లోపలికి వెళ్ళారు.

ఇక జరగవలసినవి:

1. శనివారం పది గంటలకు ప్రార్థన. పదింటికే మొదలవుతుంది.

2. బిర్యానీ ప్రార్థన తర్వాతే.

3. ఆ కానిస్టేబుల్ అబ్బాయి నా పక్కన, ముందు వరసలో కూర్చోవాలి.

4. వేల్స్ నుంచి ఆయన మేనకోడలు వచ్చేదాకా ఆ టోపీని ఎవరూ ముట్టుకోకూడదు. దాని మీద మంచు కూడా దులపొద్దు.

5. ఆయన వాకిట్లో దీపం ఆదివారం నుంచి వెలుగుతూనే ఉంది. శనివారం చీకటి పడ్డాక నేనే ఆర్పుతాను.