టేకు దర్వాజల ఫొటోలు

ఖానాపూర్ దగ్గర ఒక బడిలో నేను లెక్కల టీచర్‌ని. సొంతూరు కరీంనగర్. స్టాఫ్ రూములో ప్రింటర్ ఆగిపోయినా, ఎవరి ఫోన్ నిండిపోయినా నన్నే పిలిచేవారు. అలా పిలిపించుకోవడం నాకు బాగా ఇష్టం. ముందు అది ఒప్పుకోవాలి.

మా డ్రాయింగ్ సారు నాకంటే చాలా పెద్ద. నాలుగేళ్లపాటు ఆదివారాలు బండి మీద చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, పాత ఇళ్లకున్న టేకు దర్వాజలను ఫొటోలు తీశారు. చిలుకలు, తామర పూలు చెక్కిన దర్వాజలు. ఆ ఇళ్లు చాలావరకు ఇప్పుడు లేవు, కూలగొట్టి స్లాబు ఇళ్లు కట్టుకున్నారు. సారు కెమెరా కార్డు నాకిస్తే, నా మ్యాక్ ల్యాప్‌టాప్‌లో ఫొటోల వంకరలు సరిచేసి, ఆయన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. కార్డు ఖాళీ చేసి ఆయన మళ్లీ వాడుకున్నారు.

సోమవారం స్టాఫ్ రూములోని విండోస్ కంప్యూటర్‌కు సారు ఆ పెన్‌డ్రైవ్ పెట్టారు. హెడ్‌మాస్టరుతో సహా అందరూ చుట్టూ చేరారు. మొదటి ఫొటో తెరుచుకోలేదు. పదోదీ తెరుచుకోలేదు, ఇరవయ్యోదీ అంతే. ప్రతి పేరుకు ముందు ఒక చుక్క, ఒక గీత ఉన్నాయి. నేను మౌస్ అందుకున్నాను.

“సార్, దీన్ని ఇంకేడన్న పెట్టిండ్రా?”

“నిన్న జిరాక్స్ షాపుల పెట్టిన తమ్మీ. ఒక్కటి ప్రింటు తీయిద్దామనుకున్న. షాపామెకు తీరిక లేకుండె, ఉత్తగనే వచ్చిన.”

“ఇగ గంతే. వైరస్ పట్టింది. ఏడ పడితే ఆడ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె సార్?”

అందరి ముందూ, పిల్లల్ని గదిమే గొంతుతో అన్నాను. బడి కంప్యూటర్‌కు కూడా అంటుకుంటుందని అక్కడికక్కడే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేశాను. “ఫికర్ చేయకుండ్రి, నా ల్యాప్‌టాప్‌ల ఉన్నయి,” అన్నాను.

“నువ్వు చెప్పినవంటే గంతే గద,” అన్నారు సారు.

ఇంటికి వెళ్లి చూస్తే లేవు. చోటు చాలడం లేదని అంతకు ముందే నా చేత్తో నేనే తీసేశాను.

రెండు రోజుల తర్వాత మా పాప ఫొటోలు నా ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లోని వేరే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టాను. మళ్లీ అవే చుక్కా గీతల ఫైళ్లు, ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ పెన్‌డ్రైవ్ ఇల్లు దాటింది లేదు. వెతికి చదివితే తెలిసింది: మ్యాక్ పెన్‌డ్రైవ్‌లోకి ఏదైనా ఎక్కించేటప్పుడు, తన వివరాల కోసం ఒక్కో ఫొటోకు ఒక చిన్న తోడు ఫైలు రాసి పెడుతుంది. వేరే సిస్టమ్‌లలో అవే వరుసలో ముందు కనిపిస్తాయి. అసలు ఫొటోలన్నీ వాటి కిందే ఉంటాయి. నేను కిందికి జరిపి చూడలేదు.

పోయిన ఫైళ్లు తీసే సాఫ్ట్‌వేర్ పెడితే సగం కూడా రాలేదు. వచ్చినవాటికి పేర్లు లేవు, ఏది ఏ ఊరిదో తెలియదు. వాటినే ఇస్తే సారు, “నా తప్పుకు నువ్వు పరేషాన్ అయితున్నవు తమ్మీ,” అన్నారు. “పర్వాలేదు సార్,” అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

నాలుగు నెలలు ఆయనకు ఎదురుపడకుండా తిరిగాను. చివరికి ఒక ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లి అంతా చెప్పాను.

“అయితే కింద ఉండెనా?” అని అడిగారు.

“ఉండె సార్. అన్ని ఉండె.”

ఆయన, “గా జిరాక్సామెను నాలుగు మాటలన్న గద తమ్మీ. నీ మిషన్ల వైరస్‌తోని నా పనంత ఖరాబైందని. గప్పటి సంది గా దుకాణం దిక్కు పోతలేను,” అన్నారు.

ఈ సంగతి నాకు తెలియదు. “నేను పోయి చెప్త సార్,” అన్నాను.

“ఇద్దరం పోదాం పా. మాట అన్నది నేను.”

దుకాణంలో నలుగురు ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను, తప్పు నాదని. ఆమె చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. “గా రోజే మిషన్ మొత్తం చూపించిన సార్. ఏం దొరకలే. అయినా పెద్ద సారు అన్నడంటే నాదే తప్పు ఉంటదనుకున్న.”

సారు ఆమెకు చేతులు జోడించారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఇప్పటికీ సారు నన్ను పలకరిస్తారు, టీకి పిలుస్తారు. ఫొటోలు మాత్రం ఆమె దగ్గరే కాపీ చేయించుకుంటారు.