తెర వెనక తేనెటీగ

ఆదివారం మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి. మా వదిన కోరిక అంతే. ఆ ఆదివారం మధ్యాహ్నాలన్నీ మా అన్నయ్య తేనెటీగలకి రాసిచ్చేశాడు.

అన్నయ్యది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఒకసారి ఎవరింట్లోనో మీటరు పెట్టె తెరిస్తే లోపల తేనెపట్టు ఉంది. మూతి వాచిపోయి కొన్నాళ్లు నోరు పెగల్లేదు. పుట్టి బుద్ధెరిగాక అన్నాళ్లు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. తోచక, పాపం, ఆలోచించడం మొదలుపెట్టాడు. వాపు తగ్గింది గానీ తత్వం తగ్గలేదు. లైబ్రరీ మేడమీద హాలు ఆదివారాలు ఊరికే ఇస్తారని తెలుసుకుని ‘తేనెటీగ స్వభావం - నవ్వుల తత్వగోష్ఠి’ అని బోర్డు రాయించేశాడు. మొదట్లో తేనెటీగల గోష్ఠి పెట్టి ఉత్త ఈగలు తోలుకున్నాం. పోనుపోను జనం మరిగారు.

వేదిక మీద ఒక బల్ల, దాని మీద ఖాళీ చెక్కపెట్టె. అందులో తేనెటీగ ఉందని అందరూ అనుకోవాలి. అన్నయ్య దాని మీదికి వంగి, “తల్లీ, ఈ బతుకంటే ఏమిటి?” అని అడుగుతాడు. పెట్టె జుమ్మంటుంది. ఒక జుమ్ అయితే అవునని, రెండైతే కాదని, సాగదీస్తే తత్వమని లెక్క. సాగదీసినదానికి అన్నయ్య అర్థం చెబుతాడు. చెబుతూనే ఉంటాడు.

ఆ జుమ్ మా వదిన. దువ్వెన పళ్లకి పల్చటి కాగితం చుట్టి, పెదాలకి ఆనించి, తెర వెనక స్టూలు మీద కూర్చుని ఊదుతుంది. తెర తాడు నా చేతిలో ఉంటుంది. మా ఆయన పోయాక వాళ్లింటి వెనకగదిలో ఉంటున్నదాన్ని, తాడైనా లాగకపోతే ఏం బాగుంటుంది?

వదిన వారమంతా హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పనిచేస్తుంది. వేడి రోలరు అవతల నుంచి దుప్పటి వస్తూనే ఉంటుంది, తను ఒక కొస, ఎదురుగా ఇంకొకామె ఒక కొస పట్టుకుని మడుస్తూనే ఉండాలి. కూర్చోవడానికి అక్కడ కుర్చీ కూడా ఉండదు. ఆదివారం పొద్దున్న ఇంటి దుప్పట్లు, వంట, గిన్నెలు. మధ్యాహ్నం దువ్వెన.

ఆవిడ అడక్కపోలేదు. ఒక పొద్దున అన్నయ్య గడ్డం గీసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, “ఏమండీ, ఇక నా వల్ల కావట్లేదు. ఆదివారమన్నా పడుకోనివ్వండి” అంది.

“ఊదడమే కదే! అదీ కూర్చుని” అన్నాడు, అద్దంలోంచి కళ్లు తిప్పకుండానే.

“మీ చెల్లెల్ని ఊదమనండి పోనీ.”

నేనూ ఊది చూశాను. తేనెటీగకి జలుబు చేసినట్టుందన్నాడు అన్నయ్య. నా పదోన్నతి తాడు దగ్గరే ఆగిపోయింది.

గోష్ఠిలో జనానికి బాగా నచ్చేవి రెండు. “మగ తేనెటీగ ఏ పనీ చెయ్యదండీ, అందుకే దానికి తత్వం పట్టుబడింది” అని అన్నయ్య తన గుండెల మీద చెయ్యి వేసుకునేవాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం అన్నయ్య శాస్త్రానికి అన్యాయం చెయ్యలేదు. రెండోది, “తల్లీ, నువ్వెప్పుడైనా అలసిపోతావా?” అన్న ప్రశ్న. జుమ్ జుమ్ అని జవాబు. “చూశారా! సెలవుచీటీ పెట్టిన తేనెటీగని మీరెవరన్నా ఎరుగుదురా?” అనేవాడు. హాలు గొల్లుమనేది.

ఆ వారం వదినకి ఎదురుకొస పట్టుకునే ఆమె పనిలోకి రాలేదు. రెండు కొసలూ వదినే పరిగెత్తి పట్టుకుంది. ఆదివారం నాటికి కాళ్లు దుంగల్లా బిగుసుకుపోయాయి. మెట్లు ఎక్కుతూ రెండుచోట్ల ఆగింది. నేను మొహం చూసి, “ఇవాళ్టికి వద్దు వదినా” అంటే, “జనం వచ్చేశారుగా” అంది.

అన్నయ్య మామూలుగానే గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు, మామూలుగానే పెట్టె మీదికి వంగాడు. “తల్లీ, నువ్వెప్పుడైనా అలసిపోతావా?”

జుమ్.

రెండోదాని కోసం ఆగాడు. రాలేదు. నేను వదిన వంక చూశాను. దువ్వెన ఒళ్లో పెట్టుకుని గోడకి తల ఆనించి కూర్చుంది.

“అమ్మకి సరిగ్గా వినబడినట్టు లేదు” అని గొంతు సవరించుకుని మళ్లీ అడిగాడు అన్నయ్య.

జుమ్.

ఎవరో కిసుక్కుమన్నారు. “ఏమిటీ, విశ్రాంతి కావాలా?” అన్నాడు కంగారుగా. అతని మాట పూర్తికాకముందే జుమ్. “కొంపదీసి పని మానేస్తావా ఏమిటి?” జుమ్!

హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఇనప కుర్చీలు దడదడలాడాయి. తెర సందులోంచి చూస్తే, ముందువరసలో ఒకావిడ నవ్వలేక కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఇవతల వదిన కూడా కళ్లు తుడుచుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. తెర మొత్తం లాగేసి, ఇదిగోనయ్యా మీ తేనెటీగ, ఇప్పుడు నవ్వండి చూద్దాం అనాలనిపించింది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ అన్నయ్య కాళ్లు నేల మీద ఆనలేదు. “ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదే! ఇకనుంచి ప్రతి ఆదివారం ఇదే. అబ్బ, ఏం ఊదావు, అచ్చం నిజంగా అలసిపోయినదానిలాగే!” వదిన వెనకగా వస్తోంది. ఆమె నడకకి తగ్గట్టు నేనూ నెమ్మదిగా నడిచాను.

ఇల్లు చేరాక వదిన మంచం అంచున కూర్చుని, దువ్వెనకి చుట్టిన కాగితం విప్పి ఉండచేసి పడేసింది. జడ విప్పుకుని తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

“ఉండు ఉండు, మర్చిపోకముందే ఒకసారి చూసుకుందాం” అని అన్నయ్య ఎదురుగా వచ్చి, అచ్చం పెట్టె మీదికి వంగినట్టే ఆమె మీదికి వంగాడు. “తల్లీ, నువ్వెప్పుడైనా అలసిపోతావా?”

వదిన దువ్వుకోవడం ఆపలేదు.

“అలసిపోయానండీ” అంది.

అన్నయ్య అలవాటు కొద్దీ నవ్వుల కోసం ఆగాడు. గదిలో ఉన్నది మేం ముగ్గురమే. ఎవరం నవ్వలేదు.