చెరువు మీద ఎర్ర గీత

మొన్న మా అత్తగారి ఊరికి నా వల్ల ఎయిర్‌పోర్ట్ వచ్చింది. ఒక పూట ఉండి పోయింది కూడా! నవ్వకండి, ముందు వినండి.

నా పిచ్చి మీకు తెలుసుగా. కోదాడ స్కూల్లో పిల్లలకి సోషల్ చెప్పి ఇంటికొచ్చాక ఫిన్లాండ్ మ్యాపులు ముందేసుకుంటాను. యుద్ధకాలంలో వాళ్ల సైన్యం వాడిన ఎయిర్‌ఫీల్డులు ఎక్కడుండేవో వెతకడం నా హాబీ. వాళ్ల భాషలో ఎయిర్‌ఫీల్డుని 'లెంటోకెంట్టా' అంటారు. అడవి మధ్య ఏ రోడ్డుకైనా ఆ పేరు కనపడిందా, అక్కడ ఒకప్పుడు విమానాలు దిగినట్టే! మా ఆయనైతే, "ఇంట్ల ఉప్పు డబ్బా దొరకదు గనీ, ఫిన్లాండ్‌ల రన్‌వే దొరుకుతది నీకు" అంటాడు.

నాట్లున్నాయని మా ఆయన ముందే అత్తగారి ఊరికి పోయాడు. ఆదివారం నేనూ అక్కడికి పోతూ హుజూర్‌నగర్‌లో అలాంటి ఫిన్లాండ్ మ్యాపే ఒకటి ప్రింట్ తీయించాను. నిండా చెరువులే. ఒక చెరువు మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, "విమానాలు దిగే చోటు ఇదే!" అని రాశాను. ఉత్సాహం ఆగాలి కదా! తీరా ఆ కాగితాన్ని జిరాక్స్ షాపులోనే మరిచి గరిడేపల్లి ఆటో ఎక్కేశాను.

షాపులో ఎవరో ఫోటో తీశారు. నేను ఊరు చేరేలోపే అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. అంతా మసక. నా ఎర్ర రాత తప్ప ఒక్క అక్షరం కనపడదు. కానీ ప్రతివాడికీ అందులో వాడి చెరువు కనపడింది!

"ఇగో, ఇది మన చెరువే. ఇది తూము. గీడ మీ పొలం" అని పక్కింటి యాదగిరి వేలు పెట్టి మరీ చూపిస్తున్నాడు. మా మామయ్య తల పట్టుకుని కూర్చున్నారు.

కాలువ నీళ్లొచ్చాయి. దమ్ము చేసి ఉంది. తెల్లారితే నాట్లు. "ఎయిర్‌పోర్ట్‌ల పోయే భూమికి నాటెందుకురా? కూలోళ్లను రావొద్దని చెప్పు" అన్నారు మా ఆయనతో. నారు అప్పటికే ముదురుతోంది, ఇంకొన్నాళ్లు ఆగితే గొడ్లకి వేయడమే. నా ఒక్క గీతకి ఆయన పంట పోయేలా ఉంది!

"మామయ్యా, ఆ కాగితం నాదే! అది ఫిన్లాండ్!" అన్నాను.

"సూసిన్రా? టీచరమ్మకు లోపలి సంగతి తెల్సు. మనం పరేషాన్ అయితమని దాస్తున్నది" అన్నాడు యాదగిరి.

ఎంత చెప్పినా అంతే. ఇక ఏడుపొచ్చి ఉన్నదున్నట్టు కక్కేశాను. "అది ఎయిర్‌పోర్ట్ కాదు, నిజంగా చెరువే మామయ్యా! అక్కడ చలికాలం చెరువు గడ్డకడితే, దాని మీదే యుద్ధ విమానాలు దిగేవి!"

మామయ్య నన్ను ఎగాదిగా చూశారు.

"చెరువు మీద... ఇమానం?"

"అవును మామయ్యా!"

ఆయన మొహంలో భయం పోయి జాలి వచ్చింది. మా ఆయన వైపు తిరిగారు. "అరేయ్, ఎయిర్‌పోర్ట్ లేదు, ఏం లేదు. కూలోళ్లను పొద్దుగాల్నే రమ్మను. నువ్వు కోడల్ని జర దవాఖానకు తీస్కపో. ఫోన్ సూసీ సూసీ గిట్లయింది బిడ్డ!"

మర్నాడు నారు పొలానికి పోయింది. నేను బండెక్కి హుజూర్‌నగర్ దవాఖానకి పోయాను! డాక్టరమ్మ బీపీ చూసింది, కళ్లు చూసింది. మా ఆయన్ని బయట కూర్చోమంది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది:

"టీచర్ గారూ, మాకు ఆ చెరువు పక్కనే ఓ ప్లాటుంది. ఎయిర్‌పోర్ట్ ఖాయమేనా?"

నేను బుద్ధిగా నాలుక చాపాను.